నల్లులున్నవి, ముట్టుకోవద్దు

ఆస్ట్రేలియాలోని మా జిలాంగ్ ఊళ్లో 'త్రో అవుట్' అనే మాట లేనిదే ఇల్లు గడవదు. విరిగిన పాలనైనా, పాత పరుపునైనా, పబ్బులో తాగి గొడవ చేసినవాణ్ణైనా ఆ ఒక్క మాటతోనే బయట పారేస్తారు. నాకు మాత్రం అది వింటే ఒళ్లు మండుతుంది. మా ఆవిడ నొరీన్ దాన్ని నా కుర్చీ మీద ప్రయోగిస్తుంది మరి.

"డెస్, త్రో ఇట్ అవుట్!"

"చచ్చినా పారెయ్యను."

"స్ప్రింగు పైకొచ్చింది."

"నా వీపుకి అలవాటే."

"కుక్క కంపు కొడుతోంది."

"కుక్క పోయి ఆరేళ్లయింది!"

"కంపు పోలేదుగా?"

ఇరవై ఆరేళ్లుగా ఫుట్‌బాల్ మ్యాచీలన్నీ అందులో కూర్చునే చూశాను. మా అమ్మాయి పసిపిల్లగా నా గుండెల మీద నిద్రపోయిందీ అందులోనే. నవ్వితే నవ్వండి, నాకది ప్రాణం.

ఇంతలో పాత సామాను వారం వచ్చింది. అక్కర్లేనివి ఇంటి ముందు గడ్డి మీద పెడితే నచ్చినవాళ్లు పట్టుకెళ్తారు, మిగిలినవి సోమవారం మున్సిపాలిటీ లారీ ఎత్తుకెళ్తుంది. నొరీన్ కుర్చీని బయటికి ఈడ్చింది. నేను లోపలికి లాగాను. మూడుసార్లు ఇదే తంతు నడిచాక ఇద్దరం ఆయాసపడుతూ రాజీకొచ్చాం.

"శనివారం పన్నెండు దాకా గడ్డి మీదే ఉండనీ. ఎవరూ చెయ్యి వెయ్యకపోతే లోపలికి తెచ్చుకో. ఇక నోరెత్తను" అంది.

సరేనని, ఆవిడ బజారుకెళ్లగానే వీధి వైపు ఓ అట్టముక్క అంటించాను: 'నల్లులున్నవి, ముట్టుకోవద్దు.' ఆవిడ రాకపోకలన్నీ వెనక సందులోంచే కాబట్టి కంటబడదని ధీమా.

బ్రహ్మాండంగా పనిచేసింది. జనం అవతలి పక్కనుంచి నడిచారు. పోస్ట్‌మాన్ ఉత్తరాలు గేటు మీంచి విసిరాడు. శనివారం పొద్దున, సాయంత్రం టీకి రావాల్సిన నొరీన్ స్నేహితురాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి, ఒంట్లో బాగా లేదన్నారు. ఏడుగురికీ ఒకేసారి!

నొరీన్ బయటికెళ్లి అట్టముక్క చూసింది. తిట్టలేదు. గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా పిలిచింది.

"డెస్! మనింట్లో నల్లులున్నాయో లేవో వీళ్లకి చెప్పు."

అప్పటికే ఎదురింటి స్పిరోతో సహా పదిమంది కంచె దగ్గర చేరారు. నేను వెనక్కి తగ్గుతానా? కుర్చీలో దర్జాగా కూర్చుని అరిచాను.

"ఒక్క నల్లి కూడా లేదు! నేనే రాశాను! నా కుర్చీ, నా ఇష్టం! ఏం చేసుకుంటారో చేసుకోండి!"

"లేవా?" స్పిరో మొహం విప్పారింది. "నాలుగు రోజుల్నుంచి దీని మీదే కన్నేశానయ్యా!" అంటూ వచ్చి చెయ్యేశాడు.

"పన్నెండైపోయింది!" అన్నాను.

నొరీన్ గడియారం చూసుకుంది. "ఇంకా పది నిమిషాలుంది. లే."

లేచాను. నేను చేసిందాంట్లో తప్పేమీ లేదని అక్కడే అందరితో అన్నాను, ఇప్పుడూ అంటాను. కాకపోతే కుర్చీ బాగా బరువు, స్పిరోకి నడుం నొప్పి. అందుకని రెండో పక్క నేనే పట్టుకుని వాళ్లింటికి మోశాను.