శాంతిదేవి గుడికి అడ్డొచ్చిన ఊరు

ఊరనేది గుట్ట వెనక ఉంటేనే అందం! ఒప్పుకోనివాళ్ళకు కళాదృష్టి లేదని నా అభిప్రాయం. చర్చి గంట కొట్టుకుని బతికే నాకూ మొన్నమొన్నటిదాకా లేదు. మా దొర సర్ ఆంబ్రోస్ థెల్వాల్ గారు ఇటలీ వెళ్ళొచ్చి మా కళ్ళు తెరిపించారు.

వస్తూనే తోటలో సరస్సు పక్కన తెల్లరాతి గుడి కట్టించారు. ఆరు స్తంభాలు, గుండ్రటి కప్పు. శాంతిదేవి గుడి అట! పూజ లేదు, పూజారి లేడు. కొత్త విగ్రహానికి ముక్కు మాత్రం విరగ్గొట్టించారు. పాతదిలా కనబడొద్దూ? అన్యదేవతేమిటని పాదిరీగారు గొణిగారు గానీ, దొరగారి విందులో జింకమాంసం రెండోసారి వడ్డించుకున్నాక ఆయనకూ ఆ దేవిలో ఏసు భక్తురాలే కనిపించింది.

ఒక్కటే లోటు. బంగళా కిటికీలోంచి చూస్తే గుడి వెనకాలే మా ఊరు! ముప్ఫై ఒక్క ఇళ్ళు, పొగగొట్టాలు, ఆరేసిన బట్టలు. దేవి నెత్తిమీద మా ఆవిడ లంగాలు ఎగురుతుంటే ఇక శాంతి ఎక్కడిది?

అందుకే ఊరిని గుట్ట అవతలికి తోలారు. ఎంత మేలు! పొలం రెండు మైళ్ళు దూరమైంది. నడక ఒంటికి మంచిదేగా? కొత్త గోడలు చెమ్మగా ఉంటాయి. పొరుగువాడు బతికే ఉన్నాడని వాడి దగ్గును బట్టే తెలిసిపోతుంది, వెళ్ళి పలకరించే శ్రమ లేదు.

తేనెటీగలు పెంచుకునే డోర్కస్ పిమ్ అనే ముసలమ్మ ఒక్కతే కదలనంది. గునపాలు పట్టిన పన్నెండుమందిని వెంటబెట్టుకుని దొరగారే వెళ్ళారు.

"ముసలమ్మా, నీ ఇల్లు నా చూపుకు అడ్డొస్తోంది."

"మీ గుడి నా కిటికీకి అడ్డొస్తోంది దొరగారూ. నేనేమన్నా అన్నానా?"

"అది శాంతి కోసం కట్టిన గుడే!"

"మరి ఇన్ని గునపాలెందుకండీ?"

గునపాలవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. ఇల్లు కూల్చడం మాత్రం ఆపలేదు. డోర్కస్ తేనెపట్టు బుట్ట ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వసంతంలో లండన్ నుంచి చిత్రకారుడొచ్చాడు. తోటంతా చూసి నిట్టూర్చాడు.

"గుడి అద్భుతం సర్! కానీ మనిషి జాడేదీ? అక్కడో పూరిల్లు, గుమ్మంలో ఓ ముసలిప్రాణం ఉంటేనా..."

అక్కడ అంటే సరిగ్గా డోర్కస్ ఇల్లున్న చోటే! వారంలో పూరిల్లు లేచింది. ముందుగోడ ఒక్కటే, వెనక గడ్డి తగలేస్తే పొగ వస్తుంది. గుమ్మంలో కూర్చోడానికి డోర్కస్‌నే పిలిపించారు. నోరు విప్పకూడదు, పొద్దుగూకితే వెళ్ళిపోవాలి.

మొదటిరోజే విందుకొచ్చిన ఓ దొరసాని ముచ్చటపడి అడిగింది. "ఇక్కడే ఉంటావా అవ్వా?"

"ఉండేదాన్నమ్మా. అప్పుడిది ఇల్లు."

అంతే, ఉద్యోగం ఊడింది. నోరు అదుపులో లేకపోతే ఎవరేం చేస్తారు?

ఇప్పుడా గుమ్మంలో కూర్చునేది నేనే. చిరుగుల కోటు దొరగారే ఇచ్చారు. ఎదురుగా పచ్చిక, నా ఇల్లు అక్కడే ఉండేది. పొద్దస్తమానం అటే చూస్తుంటాను.

మొన్న చిత్రకారుడు కుంచె ఆపి మరీ మెచ్చుకున్నాడు. "మొహంలో దిగులు ఎంత సహజంగా తెస్తున్నావయ్యా! ఎక్కడ నేర్చుకున్నావ్?"

మాట్లాడకూడదని నియమం కదా, ఊరుకున్నాను.