తాళం మీద జరిగిన దౌర్జన్యం

మనిషి కనిపెట్టిన వస్తువుల్లో తాళాన్ని మించిన దయామయి మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. అందులోనూ బయటి నుంచి వేసే తాళం!

లోపలి గడియదేముంది? ఎవరి భయం కొద్దీ వాళ్లు వేసుకుంటారు. అది స్వార్థం. బయటి తాళం అలా కాదు. లోపలున్న మనిషి క్షేమం కోరి ఇంకొకరు శ్రమపడి వేసేది. తాళంచెవి జేబులో మోసుకుంటూ ఊళ్లు తిరిగేది. ఇంతకన్నా పరోపకారం ఏముంటుంది?

అలాంటి తాళాన్ని పట్టుకుని కొందరు నేరమంటున్నారు. ఇంకొందరు ‘ఆధునిక బానిసత్వం’ అని నోరు తిరగని మాటలు వాడుతున్నారు. బానిసత్వమా! దానికి సంకెళ్లుండాలి, కొరడా ఉండాలి, మీసాలు మెలేసే యజమాని ఉండాలి. మా పై ఫ్లాట్‌లో ఏసీ ఉంది, వాటర్ ఫిల్టర్ ఉంది, మనిషెత్తు మనీ ప్లాంటు ఉంది. అలాంటి చోట బానిసత్వం ఎలా ఉంటుందండీ?

జరిగింది చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

మా పై ఫ్లాట్‌లో ఉండేది ఒక వ్యక్తిత్వ వికాస నిపుణులు. బిల్డింగంతా ఆయన్ను వికాసం గారంటుంది. వేదికెక్కి మైకు పట్టుకున్నారంటే ఇక చూడాలి. “మిమ్మల్ని బంధించింది ఎవరు? మీరే! లేవండి! తలుపు తెరవండి! బయటికి అడుగు వెయ్యండి!” ఒకసారి ఆ మాటలకు నా ఒళ్లు పులకరించి, లేచి నిజంగానే బయటికి అడుగు వేశాను. ప్రసంగం మధ్యలో వెళ్లకూడదంటూ గుమ్మం దగ్గర వలంటీరు నన్ను మళ్లీ కూర్చోబెట్టాడు.

ఆయన సభల ఏర్పాట్లన్నీ ఆయన భార్యే చూస్తారు. అందుచేత ఇద్దరూ వారంలో సగం రోజులు ఊళ్లో ఉండరు. మరి ఇల్లు ఎవరు చూస్తారు? సభల్లో అమ్మే ‘సక్సెస్ కిట్లు’ ఎవరు సర్దుతారు? దానికోసం ఒకమ్మాయిని తెచ్చుకున్నారు. ముప్పై దాటి ఉంటాయి. కుట్టుమిషన్ పని ఇప్పిస్తానని ఓ ఏజెంటు రైలెక్కించి తీసుకొచ్చాడట. దిగి చూస్తే మిషనూ లేదు, ఏజెంటూ లేడు, వికాసం గారి వంటిల్లుంది. మా ఆవిడ ఆమెకు పెట్టిన పేరు పైనమ్మాయి.

పైనమ్మాయిని వాళ్లు పనిమనిషి అని ఏనాడూ అనలేదు. “మా ఇంట్లో మనిషండీ, మా కూతురితో సమానం” అనేవారు. ఎంత పెద్ద మనసు! ఇంట్లో మనిషికి జీతమిస్తే అవమానం కాదూ? మా ఆవిడ ఇన్నేళ్లుగా మా ఇంట్లో మనిషే. ఎన్నడైనా జీతమడిగిందా? (ఈ మాట దయచేసి ఆవిడ చెవిన వెయ్యకండి.)

ఫోను చూస్తే కళ్లు పాడవుతాయని పైనమ్మాయి ఫోను బీరువాలో పెట్టారు. గుర్తింపు కార్డు ఎక్కడైనా పారేసుకుంటుందని అదీ బీరువాలోనే పెట్టారు. ఇక మిగిలింది మనిషి. బీరువాలో పట్టదు కనక ఇంట్లో పెట్టి తాళం వేశారు. ఇందులో ప్రేమ తప్ప ఏమైనా కనిపిస్తోందా?

మా ఆవిడకు కనిపించింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. జవాబు రాబట్టేదాకా ప్రశ్నను కూర్చోనివ్వదు.

పై బాల్కనీ నుంచి మా బాల్కనీలోకి ఒక తువ్వాలు పడింది. తెచ్చి మడతపెట్టింది. మర్నాడు దిండు గలీబు పడింది. ఆ తర్వాత మసిగుడ్డ. “గాలి కూడా లేదు కదండీ, ఇవెలా పడుతున్నాయి?” అంటూ వాటిని పట్టుకుని పైకెళ్లింది. తలుపుకు ఈ లావు ఇత్తడి తాళం. తలుపు వెనక నుంచి గొంతు.

“ఎవరు?”

“కింద ఇంటి అక్కనమ్మా. బట్టలు పడ్డాయి, తలుపు తియ్యి.”

“తియ్యలేనక్కా. తాళం మీ వైపుంది.”

“వాళ్లెప్పుడొస్తారు?”

“తెలీదక్కా. మీరు కాసేపు అక్కడే ఉంటారా?”

“ఎందుకమ్మా?”

“ఊరికే. మాట్లాడి చాలా రోజులైంది.”

మా ఆవిడ ఆ గుమ్మం ముందు కూర్చుండిపోయింది. చాలాసేపటికి కిందికొచ్చి, ఎర్రబడిన కళ్లతో, “పైన ఒక మనిషిని పెట్టి తాళం వేశారు, మీరిక్కడ పేపరు చదువుతున్నారు” అంది. నేను ఓపిగ్గా వివరించాను. ఊరికి పోయేటప్పుడు విలువైన వస్తువులను ఎవరైనా తాళం వేసే పోతారు కదా? తాళం వేశారంటే పైనమ్మాయి విలువ వాళ్లకు తెలుసన్నమాట! ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. నేను పేపరు మళ్లీ తెరిచాను.

ముందు అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికెళ్లింది. సెక్రటరీ గారు మహా నిబంధనల మనిషి. రూల్సు పుస్తకం కంఠస్థం. “సైకిళ్లు ఎక్కడ పెట్టాలో ఉందమ్మా, చెత్తబుట్ట ఎక్కడ పెట్టాలో ఉంది. మనుషుల్ని ఎక్కడ పెట్టుకోవాలో మన రూల్సులో లేదు” అని నొచ్చుకున్నారు.

తర్వాత పోలీసులకు ఫోన్ చేసింది. అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది.

“ఆమె మీకేమవుతుందమ్మా?”

“ఏమీ కాదండీ.”

“మరైతే కంప్లైంటు ఆమే ఇవ్వాలి. స్వయంగా స్టేషన్‌కు రమ్మనండి.”

“ఆమెను తాళం వేసి ఉంచారని కదండీ చెబుతున్నాను!”

“కంగారేం లేదమ్మా. తాళం తీశాకే రమ్మనండి.”

చట్టానికి ఎంత సహనం! ఎవరినీ తొందరపెట్టదు.

ఇలా అందరూ ఎవరి పద్ధతిలో వాళ్లు సహనంగా ఉండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం వికాసం గారి వంటింట్లో పైపు పగిలింది. మా హాలు సీలింగు నుంచి నీళ్లు కారి సోఫా మీద పడ్డాయి. అప్పుడు చూడాలి మా బిల్డింగు చైతన్యం! లీకేజీ రూల్సులో ఉంది మరి. సెక్రటరీ గారు లుంగీ మీదే పరిగెత్తుకొచ్చారు. ప్లంబరు సంచీతో సహా వచ్చాడు. మనిషి ఏడిస్తే కదలని మెట్లు, నీళ్లు కారగానే జనంతో నిండిపోయాయి.

లోపలి నుంచి పైనమ్మాయి అరుస్తోంది. “అక్కా, నీళ్లు పాదాలు దాటాయి! ఫ్రిజ్ వెనక ప్లగ్గు చిటపటమంటోంది!”

“మంచమెక్కు! నేల మీద కాలు పెట్టకు!” అని మా ఆవిడ. వాచ్‌మన్ కరెంటు మెయిన్ ఆపడానికి కిందికి పరిగెత్తాడు.

“తాళం పగలగొట్టవయ్యా” అంది ప్లంబరుతో.

“అమ్మో, నాకెందుకమ్మా, కేసులవుతాయి.”

“ఓనరు పర్మిషన్ కావాలి” అన్నారు సెక్రటరీ గారు, చెవి దగ్గర ఫోన్‌తో. “వికాసం గారు స్టేజీ మీదున్నారు. ఫోన్ ఎత్తడం లేదు.”

లోపల ఏదో టప్పుమని పేలింది. ఒక కేక. ఆ తర్వాత చప్పుడు లేదు.

“సుత్తి ఇలా ఇవ్వు” అంది మా ఆవిడ.

ఇక్కడ నేను సిగ్గుతో తల దించుకోవలసిన ఘట్టం వచ్చింది. కాపురం చేస్తున్న ఇన్నేళ్లలో ఆవిడ చేతికి చపాతీ కర్ర తప్ప మరో ఆయుధం రాలేదు. ఆ చేత్తోనే సుత్తి ఎత్తి, ఏ పాపమూ ఎరుగని ఆ ఇత్తడి తాళాన్ని టపటపా బాదింది. పాపం, తాళం చాలాసేపు తన ధర్మం తాను నిలబెట్టుకుంది. చివరికి నోరు తెరిచింది.

పైనమ్మాయి మంచం మీద నిలబడి ఉంది. ప్లగ్గు నల్లగా మాడిపోయింది. హాలంతా నీళ్లు. ఆ నీళ్ల మీద సక్సెస్ కిట్ల బ్యాడ్జీలు పడవల్లా తేలుతున్నాయి. ప్రతిదాని మీదా బంగారు రంగు అక్షరాలు: ‘నేను స్వేచ్ఛాజీవిని’.

“రా అమ్మాయ్, బయటికి రా.”

గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. “చెప్పులు లేవక్కా. బయటికెళ్లే పని లేదు కదా అని పారేశారు.”

మా ఆవిడ తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టింది. తాను ఉత్త కాళ్లతో దిగింది. ఇంటికొచ్చాక కొత్త చెప్పులు నా చేత కొనిపించింది. నేర ప్రవృత్తి ఒకసారి మొదలైతే ఆగదంటారు, ఇందుకే!

వికాసం గారు తిరిగొచ్చి కంప్లైంటిచ్చారు: ఇంట్లోకి చొరబాటు, తాళం ధ్వంసం, ఇంట్లో మనిషిని రెచ్చగొట్టడం. ఆయన కప్పులో కాఫీ చల్లారకముందే పోలీసులు దిగారు. తాళం ముక్కల్ని గుడ్డలో కట్టి, లక్క ముద్ర వేసి, పసిబిడ్డలా పట్టుకెళ్లారు. ఇన్‌స్పెక్టర్ గారు మా సోఫాలో పొడిగా ఉన్న వైపు చూసుకుని కూర్చుని పైనమ్మాయిని అడిగారు.

“నిన్ను కొట్టారా?”

“లేదు సార్.”

“తిండి పెట్టారా?”

“పెట్టారు సార్.”

“మరి నీకొచ్చిన ఇబ్బందేంటి?”

ఆమె మా గుమ్మం వైపు చూసింది. “తలుపు సార్” అంది.

“తలుపుకేమైంది?”

“తియ్యరు సార్.”

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. పగిలిన తాళానికి సెక్షనుంది. తియ్యని తలుపుకు ఏ సెక్షనో ఆయనకు వెంటనే తట్టినట్టు లేదు.

కోర్టులో మా ఆవిడ ముద్దాయి. నేను ముద్దాయి భర్తను. మేజిస్ట్రేట్ గారు కళ్లజోడు మీంచి చూసే పెద్దావిడ. వికాసం గారి లాయరు తాళాన్ని చేత్తో ఎత్తి చూపించి, దాని నాణ్యత గురించి, దానికి తగిలిన గాయాల గురించి గద్గదంగా మాట్లాడాడు. నాకే కళ్లు చెమర్చాయి.

మేజిస్ట్రేట్ గారు వికాసం గారి భార్యను అడిగారు. “ఈ అమ్మాయి మీకేమవుతుంది?”

“మా ఇంట్లో మనిషండీ. మా కూతురితో సమానం.”

“మీ అమ్మాయి ఎక్కడుంది?”

“హాస్టల్లో చదువుకుంటోందండీ.”

“ఆమె గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?”

“దాని దగ్గరేనండీ” అని ఠకీమని చెప్పి, ఆవిడ నాలుక కరుచుకున్నారు.

ఆ పూటే తీర్పు వచ్చింది. ప్రాణాపాయం కనక శిక్ష లేదు, తాళం ఖరీదు మాత్రం మా ఆవిడ కట్టాలి. పైనమ్మాయి ఫోనూ కార్డూ వెంటనే ఇచ్చెయ్యాలి, ఆమె ఫిర్యాదు మీద కేసు పెట్టాలి. మా ఆవిడ అక్కడికక్కడే కట్టేసింది. తాళానికి న్యాయం జరిగింది! మన దేశంలో న్యాయం ఆలస్యమవుతుందనే వాళ్లు ఇది చూసి బుద్ధి తెచ్చుకోవాలి.

పైనమ్మాయి కేసంటారా? నడుస్తోంది. ఒకసారి లాయరు గారికి పంటి నొప్పి. ఒకసారి ఫైలు ఇంకో గదిలో ఉండిపోయింది. ఒకసారి ఆ పెద్దావిడకు బదిలీ. వికాసం గారు బెయిలు మీద ఊళ్లు తిరుగుతున్నారు. కొత్త ప్రసంగం ‘నమ్మకద్రోహాన్ని జయించడం ఎలా?’ టిక్కెట్లు దొరకడం లేదట.

పైనమ్మాయి ఇప్పుడు పక్క వీధిలో ఓ టైలర్ షాపులో మిషన్ కుడుతోంది. దర్జీ ఆమెకు జీతమిచ్చి అవమానిస్తున్నాడు. తన చెల్లెలి పెళ్లికి వెళ్లొస్తానని పోలీస్ స్టేషన్‌లో అడిగితే, సాక్షివి, కేసు తేలేదాకా ఊరు దాటొద్దన్నారు. ముద్దాయి తిరగొచ్చు, సాక్షి కదలకూడదు. మా ఆవిడ మండిపడింది. పైనమ్మాయి మాత్రం నవ్వేసింది. “ఫరవాలేదక్కా. ఇది కాస్త పెద్ద ఇల్లు.”

ఇంత జరిగాక మా అసోసియేషన్ ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం పెట్టింది. హాలు కిటకిటలాడింది. సెక్రటరీ గారు గంభీరంగా తీర్మానం చదివారు: ఇకపై ఎవరు బయటి నుంచి తాళం వేసినా, లోపల మనుషులుంటే, మారు తాళంచెవి వాచ్‌మన్‌కు ఇవ్వాలి. ఎందుకు? పైపు పగిలితే కింది ఫ్లాట్ల వాళ్ల సీలింగులు పాడవుతాయి గనక! చప్పట్లు మోగాయి. తీర్మానం ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను, నాకు సోఫా ఉంది మరి.

మా ఆవిడ లేచింది. క్లాసులో అడిగినట్టే, నెమ్మదిగా అడిగింది.

“మంచి తీర్మానం. అయితే ఈ పూట ఇక్కడికొచ్చేటప్పుడు, లోపల మనిషిని పెట్టి తాళం వేసొచ్చిన వాళ్లెవరైనా ఉన్నారా?”

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎంత పరువు గల బిల్డింగు మాది! అలాంటివాళ్లు ఉంటారా? కాకపోతే ఒకాయనకు హఠాత్తుగా స్టవ్ ఆపలేదని గుర్తొచ్చింది. ఒకావిడకు తలనొప్పి వచ్చింది. ఇంకొకాయన ఎవరికీ చెప్పకుండానే లేచారు. టీ వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ.

నేను మెట్ల మీదుగా ఇంటికి నడిచాను. ఒక్కో అంతస్తులో ఎవరో హడావిడిగా తాళాలు తీస్తున్న చప్పుడు. ఎన్ని తాళాలని నన్నడక్కండి. నేను మా గుమ్మం చేరి తలుపు వేసుకున్నాక కూడా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.