రెండు తక్కువ పద్నాలుగొందలు

ఆ పొద్దున లోవమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఎండేసిన చేపలు తిరగెయ్యడం, పోయిన మొగుడి పేరు మీద ఒక్క ఆట ఆడడం.

మొగుడు వెంకన్న నర్సాపురం రేవులో జనాన్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు నడిపిన సరంగు. పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఫోనులో చదరంగం ఉంది. అందులో ఆయన పేరు పక్కన 1398 అని ఒక అంకె. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. పద్నాలుగొందలు దాటాలని వెంకన్న ఎంత తపించాడో! గడప దాకా వెళ్ళడం, జారి వెనక్కి రావడం. ఆఖరిసారి రెండు తక్కువలో ఆగి, ఫోను దిండు కింద పెట్టి, "రేపు దాటేస్తానే లోవా" అని పడుకున్నాడు. ఆ రేపు రాలేదు. అందుకే ఆ అంకె అంటే లోవమ్మకు ప్రాణం. అది అలా ఉన్నంతకాలం ఆయనకింకా ఒక రేపు మిగిలే ఉన్నట్టు.

నిన్న చూస్తే ఆ అంకె పక్కన ప్రశ్న గుర్తు మొలిచింది.

"ఏంటే ఇది? మీ మావయ్యని నువ్వెవరని అడుగుతున్నారా?" అంది కోడలు దుర్గాశ్రీతో.

"చాన్నాళ్ళుగా ఆడలేదు కదండీ అత్తయ్యగారూ. బలం ఇంకా అంతే ఉందో లేదో తెలీదని అలా పెడతారు. ఆడితే పోద్దండి."

"పోయినోరికి బలం ఎలా తగ్గుద్దే?" అంది గానీ, సంవత్సరీకం లోపల ఆ గుర్తు పోవాలని లోవమ్మ అప్పుడే నిశ్చయించుకుంది.

ఎత్తులు ఆమెకు తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని పంటెక్కినప్పుడల్లా చూసేది. ఇంజను పెట్టె మీద బోర్డు పరుచుకుని వెంకన్న, సఖినేటిపల్లి కొబ్బరికాయల వ్యాపారి అప్పాజీ ఆడుకునేవారు. ఒడ్డు రాగానే ఆట ఆగేది. దిగేవాళ్ళు దిగి, ఎక్కే బళ్ళు ఎక్కి, పంటు మళ్ళీ కదిలితేనే తర్వాతి ఎత్తు. వానొస్తే బోర్డు మీద గోనెపట్టా కప్పేవారు. ఒక్కో ఆట వారాల తరబడి సాగేది. మధ్యలో ఒక్క బంటునైనా ఎవరూ కదిపేవారు కాదు. ఒక గాలివానకి ఆ బోర్డు గోదాట్లో కలిసిపోయాక ఇద్దరూ ఫోన్లలోకి దిగారు.

లోవమ్మకు తెలిసిన చదరంగం ఆ పంటు మీది చదరంగమే. నాలుగు ఎత్తులు వేసింది. చేపల మీద కాకి వాలింది. ఫోను మీద మర్యాదగా తువ్వాలు కప్పి, లేచి వెళ్ళి, చేపలన్నీ తిరగేసి వచ్చింది. చూస్తే అంకె 1370.

"ఆడకుండా ఎలా ఓడిపోయానే?"

"టైమైపోయిందండి. గడియారం తిరుగుతా ఉంటది కదండీ."

"మనిషి లేచెళ్ళినా తిప్పుతారా? మర్యాద తెలీని మనుషులు."

"ఉండండి, నేను లాగేస్తాను. కాలేజీలో క్యారమ్స్‌లో జిల్లాకెళ్ళానండి" అంటూ దుర్గాశ్రీ ఫోను అందుకుంది. చదరంగంలో గుర్రం గోడకి కొట్టుకుని తిరిగిరాదని ఆమెకు కాసేపట్లోనే తెలిసింది. అంకె 1347.

గోడ అవతల నుంచి ఇదంతా వింటున్న పక్కింటి పాపాయి కొంగు బిగించి వచ్చింది. "ఇలా తే లోవమ్మొదినా. పులీ మేకా ఆటలో నన్ను కొట్టినోడు ఈ రేవులో లేడు." రేవు బయటివాడెవడో కొట్టాడు. అంకె 1329.

లోవమ్మ అరుగు మీద కూలబడింది. గడప దగ్గర నిలబడిపోయిన మనిషిని తానే చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగేసినట్టనిపించింది.

అంతలో ఫోను మోగింది.

"ఎవరో కోకోకింగ్ అంటండి. ఆడదామా అంటున్నాడు" అంది దుర్గాశ్రీ.

"ఆడదామను" అంది పాపాయి.

ఆ కోకోకింగ్ తన మంత్రిని తెచ్చి పాపాయి బంటు ముందు పెట్టాడు. పాపాయి చంపింది. వెంటనే ఓటమి ఒప్పేసుకున్నాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ మంత్రి, మళ్ళీ ఓటమి.

"నా చూపు అలాంటిది" అంది పాపాయి.

ఎండ నడినెత్తికొచ్చేసరికి అంకె 1412. పాపాయి వీధంతా చాటింది. పాయసం పెట్టమన్నారు ఎవరో. లోవమ్మ మాత్రం ఫోను ఒళ్ళోకి లాక్కుంది. గడప దాటింది ఆయన కాదు. ఆయన దాచుకున్న రేపుని పాపాయి ఇవాళే వాడేసింది.

అప్పుడు దిగాడు అప్పాజీ. ఒక చేతిలో కొబ్బరికాయలు, ఒక చేతిలో విభూది పొట్లం, మొహాన నెత్తురు చుక్క లేదు.

"చెల్లెమ్మా, బావ ఇంకా ఎల్లలేదు."

"ఏంటన్నయ్యగారూ?"

"పొద్దున్న ఫోను తీస్తే వెంకన్న ఆడుతున్నాడని చూపించింది. ఒళ్ళు చల్లబడిపోయిందనుకో. పైగా వరసపెట్టి ఓడిపోతున్నాడు. బతికున్నప్పుడు కూడా మరీ అంత ఘోరంగా ఆడలేదు పాపం. పద్నాలుగొందల కోరిక తీరక తిరుగుతున్నాడేమో, దాటిస్తే శాంతిగా ఎల్తాడని, ఉన్న మంత్రులన్నీ ఇచ్చేశాను."

"అయితే నేను గెలవలేదా?" అంది పాపాయి.

"ఆడింది నువ్వా?" అన్నాడు అప్పాజీ. విభూది పొట్లం మెల్లగా జేబులోకి పోయింది.

వీధి నవ్వి చెదిరాక, లోవమ్మ నెమ్మదిగా అంది: "అన్నయ్యగారూ, ఆయన అంకె ఆయనకి ఇప్పించండి."

అప్పాజీకి అర్థమైంది. "దానికేముంది? పద్నాలుగు పోవాలి, అంతే కదా. నాతో ఒక ఆట ఓడిపో. ఓడిపోవడం ఎంతసేపు?"

అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నారు. చెరో నాలుగు ఎత్తులు వేశారు. లోవమ్మ ఇంకో బంటును జరిపింది.

"ఇక పక్కన పెట్టెయ్. గడియారమే నిన్ను ఓడిస్తుంది" అన్నాడు అప్పాజీ, తన ఫోనూ పక్కన పెట్టి.

దుర్గాశ్రీ టీ తెచ్చింది. మాటలు పంటు మీదికి మళ్ళాయి.

"ఒకసారి బండెద్దు బంటుని నమిలేసింది, గుర్తుందా?" అంది లోవమ్మ.

"ఎందుకు లేదూ? దాని బదులు చింతపిక్క పెట్టాడు. ఆ పిక్కతోనే నా రాజుని కట్టేశాడు మహానుభావుడు. ఆ పిక్క ఇంకా నా దగ్గరే ఉంది."

లోవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని నవ్వింది. ఫోను కూడా అప్పుడే మోగింది. దుర్గాశ్రీ తొంగి చూసింది.

"అత్తయ్యగారూ, గెలిచారండి. 1423. ప్రశ్న గుర్తు కూడా పోయిందండి."

"ఎత్తు నాదా?" అన్నాడు అప్పాజీ తెల్లబోయి. "పంటు ఇంకా కదల్లేదనుకున్నాను చెల్లెమ్మా."

లోవమ్మ ఆ అంకెని చాలాసేపు చూసింది. "పదిహేనొందలకి ఇంకా చాలా ఉందా అన్నయ్యగారూ?"

"చాలా ఉందమ్మా."

"అయితే ఉండనివ్వండి. రేపు చూసుకుంటారు" అని ఫోను దిండు కింద పెట్టింది.

పోయాక వెంకన్న ఆట బాగా మెరుగుపడిందని ఆ సాయంత్రం రేవంతా ఒప్పుకుంది.