నమూనా సంతక విజయము

వినుడు! సోమవారము పదకొండు గంటల వేళ, పైనున్న ఫ్యాను దక్క సర్వమును నిశ్చలమైన లాయరుగారి గదిలో, రబ్బరుస్టాంపులు గదాదండములై మెరయు బల్ల యనెడి రణరంగమున, ముప్పదియైదేండ్లు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చుండి లోకుల సంతకములను భూతద్దముతో పోల్చి, గీత తేడా వచ్చినచో ఎంతటివానినైనను తిప్పిపంపిన సంతకపరీక్షాధురంధరుడు, రిటైరైన వృద్ధుడొకడు, కలముబూని ఆసీనుడయ్యెను. పక్కనే కూతురు. గురువారము ఆయన గుండెకు ఆపరేషను. తనకు స్పృహ లేనప్పుడు వైద్యనిర్ణయము కూతురిదేనను పత్రముపై ఆయన సంతకము పడనిచో, ఆస్పత్రిలో ఆమె మాట చెల్లదు. ఆ భయము ఆమెను నిలువునా తినుచుండెను.

వృద్ధవీరుడు సంతకము చేసెను. పిమ్మట జేబులోని భూతద్దము దీసి, పాత పెన్షను కార్డుతో పోల్చి, మేఘగంభీరస్వరమున గర్జించెను.

“కలవలేదు. చింపెయ్యండి!”

అట్లు మూడు ప్రతులు నేలగూలెను. మిగిలినది ఒక్కటే.

“మీ సంతకం మీరే కాదంటే ఎలా సార్?” అని లాయరుగారు తల పట్టుకొనిరి. “పోనీ, వేలిముద్ర వేసెయ్యండి.”

“వేలిముద్రా! దొంగ సంతకం ఒక్కటైనా నా కౌంటరు దాటిందా? నాదైనా సరే, దాటనివ్వను!”

కూతురికి కోపము ముక్కుమీదికి వచ్చెను. అంతలో, బల్ల కింద ఆయన దాచుకొన్న కుడిచేయి ఆమె కంటబడెను. అది వణకుచుండెను. కోపమంతయు జావగారిపోయి, ఆమెకు జాలి పొంగివచ్చెను.

“నాన్నా, చెయ్యి వణికే ముసలాళ్లు మీ బ్యాంకుకి వచ్చేవాళ్లు కదా. వాళ్లని కూడా తిప్పి పంపేసేవారా?”

“ఛ, పాపం! కొత్త నమూనా సంతకాలు తీసుకుని, పాత కార్డు రద్దు చేసేవాణ్ణి...”

ఆయన పాత పెన్షను కార్డును తిరిగి జేబులో పెట్టెను.

“కొత్త కార్డుందా?” అని మెల్లగా అడిగెను.

ఆమె ఆస్పత్రి చీటీ వెనుకవైపు తిప్పి ముందుంచెను.

“మూడు పెట్టాలి. రూలు” అనుచు, వణకు చేతితో మూడు నమూనాలు లిఖించి, ఆ వెనువెంటనే పత్రముపై సంతకము చేసి, భూతద్దమెత్తి, వంకరకు వంకర, తడబాటుకు తడబాటు సరిచూచుచుండగా, లాయరుగారు ఊపిరి బిగబట్టిరి.

“కలిసింది!”

ఆయన పత్రమును కూతురివైపు జరిపెను. “ఇక నీ చేతుల్లో ఉన్నాను తల్లీ. వాళ్లేం చెప్పినా, రెండుసార్లు సరిచూసుకుని ఒప్పుకో.”

ఆమె తలయూపెను.

ఈ విధముగా, రెండంగుళముల వంకరగీత యొకటి నాలుగవ ప్రతిపై విజయధ్వజమై నిలిచెను! లాయరుగారు హమ్మయ్య యనుకొని సాక్షి సంతకము చేసిరి. భూతద్దము అటు తిరిగెను.