ఎర్ర గొడుగు వెనక ఇరవై రెండు మంది

ఆ రోజు పొద్దున భూగోళం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటి బస్సులో కొండ మీది పార్కుకు వెళ్ళాలి, జలపాతం చూడాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. దేశంలోకెల్లా పాతదైన ఆ పార్కు గురించీ, మూడు అంచెలుగా దూకే ఆ జలపాతం గురించీ ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళపాటు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ పాఠం చెప్పింది. కళ్ళారా చూసిన పాపాన మాత్రం పోలేదు. వచ్చే నెలలో రెండు మోకాళ్ళకూ ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కడం కుదరదని డాక్టరు తేల్చేశాడు.

"చూసే వస్తాను. పాక్కుంటూనైనా సరే!" అంది ఆవిడ.

వందేళ్ళ నాటి రాతి గేటు దగ్గర బస్సు దిగాక, మోకాలి పట్టీ సీటు మీదే మరిచిపోయిన సంగతి ఆవిడ భర్తకు గుర్తొచ్చింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. తొందరపడడం ఆయన జాతకంలో లేదు.

"నువ్వు మెల్లగా నడుస్తూ ఉండు. నేను తెచ్చేస్తా."

"మెల్లగా కాక పరిగెడతానా? మీరే త్వరగా రండి."

ఆవిడ ఎండకు ఎర్ర గొడుగు విప్పుకుని కాలిబాట పట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక బీమా ఆఫీసువాళ్ళు విహారానికని వచ్చి దిగారు. గేటు దగ్గర ఎర్ర గొడుగు కనబడితే దాని వెనకే వచ్చెయ్యమని గైడు వాళ్ళకు ముందే ఫోనులో చెప్పాడు. ఆ గైడు టికెట్ల కిటికీ దగ్గర గొడుగు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై రెండు మందీ బిలబిలమంటూ వెళ్ళి టీచరమ్మ వెనక బారు తీరారు.

కాసేపటికి ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. బుద్ధిగా వరసలో నడిచే మనుషుల్ని చూసి చాలా కాలమైందేమో, ప్రాణం లేచొచ్చింది.

"ఈ రాళ్ళు ఇలా పొరలు పొరలుగా ఉన్నాయేంటండీ?" అని ఎవరో అడిగారు.

అడిగితే చెప్పకుండా ఉండడం ఆవిడకు చేతకాదు. రాళ్ళ గురించి చెప్పింది, దారి పక్కన కనబడిన గుహ ఎలా పుట్టిందో చెప్పింది, వినకుండా కబుర్లాడుతున్న ఇద్దరిని విడదీసి నడిపించింది. దారి చీలిన చోట హెడ్ క్లర్కు ఆగాడు.

"ముందు రాతి తోరణం చూపిస్తామన్నారు కదా మేడమ్?"

సలహా అడుగుతున్నాడనుకుంది ఆవిడ. "జలపాతమే ముందు. తోరణం ఎక్కడికీ పోదు," అని ఎడమకు తిరిగింది. ఇరవై రెండు మందీ ఎడమకు తిరిగారు.

ఇంకో గంట ఎక్కారు. మోకాళ్ళు నిప్పుల్లా మండుతున్నా ఆవిడ ఆగలేదు. ఇంతలో కింద నుంచి మైకు గొంతు గాలికి తునకలు తునకలుగా వినబడింది. "ఎర్ర గొడుగు వెంట వెళ్ళిన... ఇరవై రెండు మంది... తప్పిపోయారు..."

"అయ్యో పాపం, ఎవరో!" అంది టీచరమ్మ.

హెడ్ క్లర్కు గొడుగు వైపు అనుమానంగా చూశాడు. "మనది కూడా ఎర్రదే కదండీ?"

"అయితే లెక్కపెట్టండి."

అతను వేలు చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆవిడతో కలిపి ఇరవై ముగ్గురు తేలారు.

"ఒకరు ఎక్కువున్నారు. మనం కాదు," అన్నాడు ఊపిరి పీల్చుకుని. అంకె తేడా వస్తే కాగితం చెల్లదని నమ్మిన ఆఫీసు అది. అందరూ సరేనని తలలూపారు.

"మరి నిలబడతారేం? వాళ్ళని వెతకొద్దూ?" అని ఆవిడ గదమాయించింది.

"ఓ ఇరవై రెండు మందీ!" అని కొండంతా దద్దరిల్లేలా ఇరవై ముగ్గురూ కేకలేశారు. నాలుగో కేకకు దారి కింది పొదల్లోంచి నీరసంగా "ఓ..." అని బదులొచ్చింది. తొంగి చూస్తే ఒకే ఒక్క మనిషి, చీలమండ వాచి, రాళ్ళ మధ్య చతికిలబడి ఉన్నాడు. పక్కన ఎర్ర గొడుగు.

అందరూ చేయీ చేయీ పట్టి అతన్ని పైకి లాగారు. అతను వాళ్ళని చూశాడు, ఆవిడ గొడుగును చూశాడు.

"మీకోసమే అడ్డదారిన పరిగెత్తుకొచ్చి పడ్డానమ్మా!"

టీచరమ్మ మొహం పాలిపోయింది. "అయితే తప్పిపోయింది మేమా?"

"ఏమో అమ్మా. నేనెక్కడున్నానో నాకే తెలీట్లేదు. పనిలో చేరి నాలుగు రోజులే అయింది."

ఆవిడ చెవి రిక్కించింది. దగ్గర్లోనే నీళ్ళ హోరు. "అతన్ని ఎత్తుకోండి. ఇంతదాకా వచ్చి వెనక్కి పోయేది లేదు," అంది.

మలుపు తిరగగానే కొండ నెత్తి నుంచి తెల్లగా, ఉరుముతూ జలపాతం. తుంపర మొహం మీద పడింది. "ఎన్ని అంచెలు మేడమ్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి టీచరమ్మ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అలా చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళు దిగేసరికి గేటు దగ్గర తాళ్ళతో, స్ట్రెచర్‌తో గార్డులు, పట్టీ చేతబట్టుకుని భర్త నిలబడి ఉన్నారు. గార్డు రిజిస్టరు తెరిచి జరిగిందంతా విన్నాడు, ముందు రాసిన ఇరవై రెండును కొట్టేశాడు. తప్పిపోయినవారు అన్న చోట ఒకే ఒక్క పేరు రాసి, వృత్తి అన్న గడి దగ్గర కాస్త తటపటాయించి, "గైడు" అని పూర్తిచేశాడు.