ఒంటె మీద మంచు

ఆ ఉదయం రచయిత్రి అనుకున్నది చిన్న పనే. దేవుడికి దణ్ణం పెట్టుకుని, వంట ముగించి, బట్టలు ఆరేసి, ప్రచురణకర్త దగ్గరికెళ్లి తన మొదటి నవల ముఖచిత్రం చూసి రావాలి. పొయ్యి దగ్గర నిలబడి ఏళ్ల తరబడి అల్లుకున్న ఫాంటసీ కథ అది. ఒంటెలు కాసే పిల్ల ఒకతె, లోకంలో మిగిలిన ఆఖరి వానను తోలుతిత్తిలో నింపుకుని, ఎడారి దాటి, గొంతెండిపోతున్న తన ఊరికి మోసుకెళుతుంది.

ముఖచిత్రంలో మంచుకొండ ఉంది. కొండ మీద రాతికోట, కోట మీద రెక్కల బల్లి, కింద నిలువెల్లా ఇనుము తొడుక్కున్న సైనికుడు.

"ఇది నా పుస్తకానికేనాండీ?"

"ఫాంటసీయే కదమ్మా!" అన్నాడు ప్రచురణకర్త. "మా ఆర్టిస్టుకి చదివే అలవాటు లేదు. ఫాంటసీ అంటే చాలు, చెయ్యి దానంతటదే కోట గీసేస్తుంది."

"మరి నా ఎడారి?"

"అట్టలు అచ్చయిపోయాయి. మీరే ఓ చిన్న మార్పు చెయ్యండి. ఎక్కడో ఓ చోట కాస్త మంచు కురిపించండి. లేదంటే పుస్తకం వచ్చే ఏడాదికి పోతుంది."

వచ్చే ఏడాది అన్న మాట ఆమె చాలా ఏళ్లుగా వింటోంది. ఇంటికొచ్చి ఒక పేజీలో మంచు కురిపించింది.

మంచుకి ఒంటె వణికింది. ఒంటెను తీసేసి గుర్రాన్ని పెట్టింది. గుర్రం వచ్చాక సైనికుడు ఎక్కాడు. సైనికుడికి శత్రువు కావాలి కాబట్టి రెక్కల బల్లి దిగింది. ఈలోగా తిత్తిలో వాన గడ్డకట్టి కూర్చుంది.

చూపు ఆనని అత్తగారికి ప్రతి సాయంత్రం కథ చదివి వినిపించడం అలవాటు.

"ఏమ్మాయ్, వీధి నిండా మంచుంటే కరిగించుకు తాగుతారుగా? ఇంకా ఈ పిల్ల వాన మొయ్యడమెందుకు, పనీపాటా లేకనా?"

మర్నాడు రచయిత్రి వాన తీసేసి తిత్తిలో నిప్పు పెట్టింది.

"తోలుతిత్తిలో నిప్పా! కాలదూ?"

"మాయ నిప్పు, అత్తయ్యా."

"చెప్పు కురచైందని కాలు కోసుకుంటున్నావు. ఇంతకీ మన పిల్లేదీ?"

పిల్ల కోటలో వంట చేస్తోంది. కథ సైనికుడిదైపోయింది. ఆ రాత్రి రచయిత్రి దేవుడి పటం ముందు కాసేపు నిలబడింది. ఎండను ఒక చోటికీ మంచును ఇంకో చోటికీ పంచిన స్వామి, కథల్ని మాత్రం మంచు కురిసే చోటికే రాసిచ్చాడా అనిపించింది. వెంటనే లెంపలేసుకుని, మార్చిన కథ పంపడానికి సిద్ధం చేసింది.

మర్నాడు ఉదయం పంపబోతుంటే ఫోను మోగింది.

"అమ్మా, కొంప మునిగింది!" అన్నాడు ప్రచురణకర్త. "మీరు బొమ్మ కోసం కథ మారుస్తున్నారని మా ఆర్టిస్టుతో అన్నాను. ఆయనకి సిగ్గేసి, బల్ల మీద పడున్న మీ పాత కథ చదివేశాడు. జన్మలో మొదటిసారి! ఏడ్చి, మళ్లీ బొమ్మ గీశాడు. ఒంటె, ఇసుక, తోలుతిత్తి. ఎంత బాగుందో! అచ్చయిన కోట అట్టల మీద కొత్త పేరు అంటించి వేరే పుస్తకానికి సర్దేశాను. ఇప్పుడు మీ మంచులోకి ఒంటెనెలా తెస్తారో తెలీదు. సాయంత్రానికల్లా లోపలి పేజీలు కావాలి."

రచయిత్రికి నెమ్మదిగా నవ్వొచ్చింది. మార్చిన కథను పక్కకు నెట్టి, మొదట రాసిన కథనే అక్షరం మార్చకుండా పంపేసింది. వెళ్లి అత్తగారికి వాన తిరిగొచ్చిందని చెప్పింది.

"వస్తుంది మరి, ఎక్కడికి పోతుంది?" అందావిడ.

సాయంత్రం మళ్లీ ఫోను.

"అద్భుతం అమ్మా! ముందు రాసినదానికంటే ఇదే వంద రెట్లు బాగుంది. ఇంత త్వరగా ఎలా మార్చారు?"

"చిన్న మార్పే కదండీ," అంది రచయిత్రి.