మాస్టారి సముద్రపు మొక్కు

ఆ ఆదివారం పొద్దున వెంకట సుబ్బయ్య మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపల్లె వెళుతున్నానని భార్యకు చెప్పి బాపట్ల రైలెక్కడం, సూర్యలంకలో సముద్రానికి ఒక మొక్కు చెల్లించడం, మధ్యాహ్నానికి తెనాలి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవడం.

"మా హనుమంతరావుకి ఒంట్లో బాగాలేదట. చూసొస్తా," అన్నారు చెప్పులేసుకుంటూ.

"ఫోన్ ఎప్పుడొచ్చింది? నాకు వినపడలేదే," అంది ఇందుమతి.

"అన్నీ నీకు వినపడాలా ఏంటి?" అని, కాఫీ సగంలో వదిలేసి బయటపడ్డారు.

ఇంత దొంగతనం ఎందుకంటే, ఆయనకు పంతం ఎక్కువ. ఒక్కగానొక్క కూతురు అనుపమ బాపట్లలో లెక్చరర్ ఉద్యోగం మానేసి, ఒక కేరళ పిల్లను తోడు చేసుకుని, ఇద్దరే పట్టే తెరచాప పడవలో మహాసముద్రం దాటే పందేనికి పేరిచ్చింది. ఆఫ్రికా ఒడ్డున బయలుదేరి బ్రెజిల్ ఒడ్డు చేరాలి. ఇంజను ఉండదు, మూడో మనిషి ఉండకూడదు. మాస్టారు మండిపడి, "ఆ పడవ దిగిందాకా నాతో మాట్లాడొద్దు," అన్నారు. ఆయన కూతురే కనుక ఆ పిల్ల కూడా ఆ మాట మీదే నిలబడింది. తల్లికి ఫోన్ చేసేది. ఆయన పెరట్లోకి వెళ్ళి, కిటికీ పక్కనే నిలబడి, మల్లెమొక్కకు అవసరం లేని నీళ్ళు పోసేవారు.

పందెం పడవలు ఎక్కడున్నాయో ఇంటర్నెట్‌లో చుక్కలుగా చూపిస్తారు. ఇందుమతి రోజూ నెట్ సెంటరుకు వెళ్ళి చూసొచ్చేది. ఆమె వచ్చాక ఆయన కూరగాయలకని వెళ్ళి అదే చుక్కను చూసొచ్చేవారు. కొన్నాళ్ళుగా ఆ చుక్క కదలడం లేదు. ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు, ఆయన ఆమెకు చెప్పలేదు. రాత్రిళ్ళు ఇద్దరూ అటొకరు ఇటొకరు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు నటించేవారు.

ఆయన జన్మంతా లెక్కలు చెప్పారు. దేవుణ్ణి ఏనాడూ ఏదీ అడగలేదు. మొక్కు ఎలా మొక్కుకుంటారో తెలియదు, ఎవరినైనా అడిగితే పరువు పోతుంది. అందుకని తనకు తోచిన మొక్కును తానే తయారుచేసుకున్నారు. గుండు చేయించుకుంటారని తెలుసు. తడిబట్టలతో ఉండాలనీ, నీళ్ళలో పాలు పోయాలనీ ఎక్కడో చూసిన గుర్తు. ఏ దిక్కుకు తిరగాలన్నది మాత్రం స్వయంగా లెక్కగట్టారు. ఇక్కడి నీళ్ళు దక్షిణంగా పోయి, ఆఫ్రికా కొనను చుట్టుకుని, అమ్మాయి ఉన్న నీళ్ళలో కలుస్తాయి. కాబట్టి దక్షిణం.

"మీసం ఉంచమంటారా అండీ?" అని అడిగాడు సూర్యలంక ఒడ్డున మంగలి.

"మొత్తం తీసెయ్ బాబూ. లెక్క సగంలో వదలడం నాకిష్టం ఉండదు."

నున్నటి గుండుతో, నడుములోతు నీళ్ళలో, దక్షిణానికి తిరిగి, చెంబుతో పాలు వదిలారు. "తల్లీ, పందెం పోతే పోయింది. పిల్లను ఒడ్డుకు చేర్చు చాలు," అన్నారు. అంతవరకూ పంటి బిగువున ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

చూసినవాడు ఒకడున్నాడు. మాస్టారి వీధిలోనే స్టీలు సామాన్ల కొట్టు పెట్టిన సీతారామాంజనేయులు పెళ్ళాంపిల్లలతో సముద్రస్నానానికి వచ్చాడు. పలకరించబోయి, గుండూ, మీసం లేని మొహమూ, దక్షిణపు దిక్కూ చూసి ఆగిపోయాడు. కర్మ చేసే మనిషిని పలకరించకూడదు. వెనక్కి నడిచి, కొత్తగా కొన్న సెల్‌ఫోన్ తీసి, ఇంట్లో ఉన్న తల్లి అచ్చమ్మకు చేశాడు.

"అమ్మా, మాస్టారి అమ్మాయి సముద్రంలో పోయినట్టుందే."

"అయ్యో! ఎవరు చెప్పార్రా?"

"చెప్పేదేంటి, మాస్టారు నీళ్ళు వదులుతుంటే కళ్ళారా చూశా."

అప్పటికే ఇందుమతి కంగారులో ఉంది. పలకరింపుగా ఉంటుందని రేపల్లెకు ఫోన్ చేస్తే, హనుమంతరావు స్వయంగా ఎత్తాడు. "నాకేం జబ్బమ్మా? ఇప్పుడే రెండు పెసరట్లు తిన్నా. వాడు ఇక్కడికి రాలేదే!" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి తిరిగేసరికి అచ్చమ్మ నలుగురు ఆడవాళ్ళతో గుమ్మంలో ఉంది. వచ్చి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"గుండె దిటవు చేసుకో తల్లీ. మన చేతుల్లో ఏముంది?"

ఇందుమతికి రైలు పట్టాలు కళ్ళ ముందు తిరిగాయి. "పొద్దున కాఫీ కూడా పూర్తిగా తాగలేదు పిన్నీ!" అని గొల్లుమంది. సముద్రంలో పోయిన పిల్లకు ఇక్కడి కాఫీ ఏమిటని అచ్చమ్మకు అనుమానం రాకపోలేదు. కానీ పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషిని అడగడం పద్ధతి కాదని తానూ ఏడ్చింది. ఒకరు భర్త కోసం, మిగిలినవాళ్ళు కూతురి కోసం, అందరూ కలిసే ఏడ్చారు.

మాస్టారు నెత్తిన తువ్వాలు కప్పుకుని వీధి మలుపు తిరిగేసరికి, తన గుమ్మం ముందు కుప్పగా చెప్పులు కనిపించాయి. జనం తప్పుకుని దారి ఇచ్చారు. పక్కింటి జనార్దనరావు లోపలినుంచి వస్తూ ఆయన చేయి నొక్కి, వెళ్ళొస్తానన్న మాట అనకుండానే వెళ్ళిపోయాడు. మనుషులు అలా చెప్పకుండా వెళ్ళేది చావింటి నుంచే. తను లేని పూట కబురొచ్చిందన్నమాట.

లోపల ఇందుమతి ఆయన్ను చూసి, "ఉన్నారా! మీరున్నారా!" అని ఎదురొచ్చింది. అంతలో తువ్వాలు జారింది. ఆమె గుండు చూసింది, మీసం లేని మొహం చూసింది.

"అయితే... మన అనుపమా?" అని కుప్పకూలింది.

ఆ పేరు వినగానే ఆయనకు మిగిలిన కాస్త ఆశా పోయింది. "ఫోన్ ఎవరు చేశారు?" అన్నారు గోడ పట్టుకుని.

"మీకెవరు చెప్పారు?"

"నాకెవరు చెబుతారు? నువ్వే కదా..."

"నేనా? గుండు చేయించుకొచ్చింది మీరు కదండీ!"

ఆ మాట దగ్గర ఇద్దరిలో ఒక్కరు ఆగి ఆలోచించినా సరిపోయేది. ఏడుపు ఆలోచించనివ్వలేదు. "మాట్లాడొద్దన్నాను ఇందూ. దాన్ని నాతో మాట్లాడొద్దన్నాను," అంటూ ఆయన నేల మీద కూలబడ్డారు. గదిలో ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు.

అప్పుడే, స్నేహితుణ్ణి వెతుక్కుంటూ రేపల్లె నుంచి వచ్చిన హనుమంతరావు జనాన్ని తోసుకుని లోపలికొచ్చాడు. ఫోన్ మోత భరించలేక ఎత్తాడు. "ఎవరమ్మా? గట్టిగా చెప్పు... అనుపమా?" అని కేకేశాడు. "ఒరే సుబ్బయ్యా! అమ్మాయిరా!"

మాస్టారు ఎలా లేచారో, ఎలా వెళ్ళారో ఆయనకే తెలియదు. ఫోన్ చెవికి ఆనించుకుంటే, ఎక్కడో చాలా దూరం నుంచి, బాగా అలసిపోయిన గొంతు.

"నాన్నగారూ, పడవ దిగేశానండి. అందుకే మీకు చేశా. తెరచాప కొయ్య విరిగిపోయింది. ఓడ వాళ్ళు మమ్మల్ని ఎక్కించుకున్నారు. మా పడవ మా కళ్ళ ముందే మునిగిపోయింది. ఇన్నేళ్ళ కష్టం నాన్నగారూ... ఓడిపోయాం."

ఆయన పట్టలేని ఆనందంతో జనం వైపు తిరిగి అరిచారు. "ఓడిపోయిందట! పడవ మునిగిపోయిందట!"

ఇల్లంతా చప్పట్లతో మోగింది. ఈలలు కూడా వేశారు. అచ్చమ్మ పెద్దగా నవ్వుతూ ఇందుమతిని కౌగిలించుకుంది. మాస్టారు ఫోన్లోకి ఏదో చెప్పబోయారు.

"అందరూ సంతోషంగా ఉన్నట్టున్నారు. మంచిదండి, ఉంటాను," అంది అనుపమ.

"అమ్మా, అది కాదు... ఆగు తల్లీ..." అంటూనే ఉన్నారాయన. లైను తెగింది. ఏ ఓడ నుంచి చేసిందో, ఏ నంబరుకు చేస్తే దొరుకుతుందో తెలియదు. ఇందుమతి వచ్చి, "ఏమందండీ? ఏమంది?" అని ఆత్రంగా అడిగితే, మోగని ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

వచ్చినవాళ్ళంతా కాఫీలు తాగి, నవ్వుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. పరామర్శకు ఉండవలసిన సమయం ఇదేనని ఒక్కరికీ తోచలేదు.